దలాల్‌కు చెప్పిన అబద్ధం

మోకాళ్లు మొరాయించినంక మేకలెంబడి గుట్టకు పోవుడు నాతోని కాలే. పదకొండు మేకలు. అమ్మాలె, తప్పదు. కానీ కోసేటోళ్లకు ఇయ్యొద్దు, సాదుకునేటోళ్లకే ఇయ్యాలె. కోస్గి అంగట్ల గీ మాటంటే పండ్లికిలిస్తరు.

మా బిడ్డ ఫోన్‌ల ఒక దలాల్‌ను పెట్టింది. మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. మన తరఫున అదే బేరమాడుతదట. మన నంబరు, మన ఆఖరి ధర ఎవ్వలకు చెప్పదట. "నిజం ధర చెప్పే అమ్మా, అది ఎక్కడా అనది" అన్నది బిడ్డ.

నిజమా! దలాల్‌కు ఆఖరి మాట చెప్పినోడు ఎన్నడన్న బాగుపడ్డడా? వాడు అటు చాయ తాగుతడు, ఇటు చాయ తాగుతడు. మా ఆయనకు సుత నా ఆఖరి మాట చెప్పకుండ నలభై ఏండ్లు సంసారం చేసినదాన్ని. మేకకు రెండు వేలు ఎక్కువేసి చెప్పిన. గంతకు తక్కువైతే నన్ను అడుగనే వద్దని గట్టిగ చెప్పిన.

వారం గడిచింది. ఉలుకు లేదు, పలుకు లేదు. "నీ దలాల్ ఉత్తదే" అని బిడ్డను ఎక్కిరించిన. కోసేటాయన ఒకాయన ఎంబడి పడుతుండె. రేపు అంగడికి తోలుకపోదామన్నడు మా ఆయన. ఇంకొక్కసారి ఫోన్ చూడుమని బిడ్డను బతిమాలిన.

గా దినం బిడ్డ ఫోన్ చూసి నెత్తి కొట్టుకున్నది. తిరుమలగిరి దిక్కు ఒకామె పదకొండూ కావాలని మూడుసార్లు అడిగిందట. ధర చాలదని నా దలాల్ మూడుసార్లు మర్యాదగ వద్దన్నదట. ఆమె ఇస్తానన్నది నా అసలు ధర కంటె ఎక్కువనే! పైంగ "ఏమని పిలిస్తే వస్తయి?" అని సుత అడిగింది. కోసేటోడు గా మాట అడుగుతడా?

దలాల్ తప్పేమున్నది, నేను చెప్పినట్టే ఇన్నది. సిగ్గు పక్కకు పెట్టి దానికి నిజం ధర చెప్పిన. పక్కన మా ఆయన నోరు తెరిచిండు. "గింతేనానే నీ ఆఖరి మాట!"

గా దినమే దలాల్ బేరం కుదిర్చింది. మరునాడు ఆమె వ్యాను కిరాయికి మాట్లాడుకొని వచ్చింది. మేకలను పిలుసుడు నేర్పిన. నాలుక అంగిలికి కొట్టి చప్పుడు చెయ్యాలె. ఆమె మొదటిసారి పిలిస్తే ఒక్కటి సుత తల ఎత్తలే. రెండోసారి నల్లమేక చెవులు లేపింది. మూడోసారికి పదకొండూ నన్ను దాటుకొని ఆమె దగ్గరికి పోయినయి.

ఒక్కటన్న నా దిక్కు తిరిగి సూడలే. ఏడుపొచ్చింది. మంచి చేతులకే ఇచ్చిన.