రెండు తీగల ప్రసూన

చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఆకులు ముందే పక్కన పెట్టుకుని పొయ్యి వెలిగించే మనిషిని మాత్రం ప్రసూననే చూశాను. భిలాయి క్యాంప్ 2లో, ఇనుప సామాన్ల కొట్టు మీద అంతస్తులో ఆమెకొక రికార్డింగ్ స్టూడియో ఉంది. పెళ్ళి పాటలు, చర్చి కీర్తనలు, ఛత్తీస్‌గఢీ భజనలు, ఎన్నికల ప్రచారం, ఏదొచ్చినా కాదనదు. గోడ మీద శిలువా, సింహాచలం అప్పన్నా పక్కపక్కనే ఉంటారు. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. వాళ్ళిద్దరికీ లేని తగువు మనకెందుకంటుంది.

తండ్రి రైల్వే యార్డులో పాయింట్స్‌మన్. బండ్లను ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్ళించే పని. బండి ఒక్క దారినే పోతుందిగానీ పాటని రెండు దార్లలో పంపొచ్చని ప్రసూన గొప్పగా చెబుతుంది. మైకులన్నీ ముందు మిక్సర్‌లోకి వస్తాయి. గొంతూ వాద్యాలూ కలిసిన పాట ఒక తీగ మీదుగా ఆమె ముందున్న రికార్డర్‌కి పోతుంది. పాడేవాళ్ళ గొంతు ఒక్కటీ, ఏదీ కలవకుండా, ఇంకో తీగ మీదుగా గోడ అవతలి గదిలో ఉన్న పాత రికార్డర్‌కి పోతుంది. దాన్ని ఆన్ చేసి ఆ గదికి తాళం వేసేస్తుంది. ఎందుకీ చాదస్తం, మిషన్ మీద నమ్మకం లేదా అని నేనొకసారి ఏడిపించాను. మిషన్ మీద ఉంది, నా చెయ్యి మీదే లేదంది.

మా మావయ్య వాసుదేవరావు స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న జముకుల కథ ఒకటి ఆయన దగ్గరుంది, ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. భిలాయిలో అది మొదటినుంచి చివరిదాకా వచ్చినవాడు ఇప్పుడాయనొక్కడే. ఊపిరితిత్తులు పాడయ్యాయి. కాసేపు పాడితే వారం మంచం దిగడు. ఒక్కసారే పాడతాను, రెండోసారి అడగొద్దని షరతు పెట్టి మరీ స్టూడియోకి వచ్చాడు. అడిగినా పాడగలడని మాకూ ఆశ లేదు.

అద్దం అవతల గదిలో మావయ్య కూర్చున్నాడు. తీగ లాగి మీటే జముకుతో ధర్మారావు పక్క గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. సగం కథయ్యాక సూర్యావతి అత్త మంచినీళ్ళందించింది. మావయ్య రెండు గుక్కలు తాగి, "చాలు" అన్నాడు. ప్రసూన ఎర్ర బటన్ నొక్కింది. మావయ్య మిగతా సగం ఎత్తుకున్నాడు.

ఆ సగం ఆయన పాడిన తీరు నేను మరిచిపోలేను. మిక్సర్ మీద దీపాలు పాటతోపాటే ఆడుతున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కథ అయిపోయాక రికార్డర్ కేసి చూసిన ప్రసూన మొహంలో నెత్తురుచుక్క లేదు. నీళ్ళకి ఆపాననుకుంది గానీ, తాగుతున్నంతసేపూ అది నడుస్తూనే ఉంది. నడుస్తున్నదాన్ని మళ్ళీ నొక్కితే ఆగిపోయింది. ఇంట్లో తెలుగూ వీధిలో హిందీగా పెరిగిన మనిషి కదా. మనకి చాలంటే ఇక వద్దని, హిందీలో చాలూ అంటే నడపమని.

పరుగున వెళ్ళి రెండో గది తాళం తీసింది. పాత రికార్డర్ తన మానాన తిరుగుతోంది. మావయ్య గొంతు మొత్తం ఉంది. జముకు మాత్రం లేదు.

ఇక్కడే ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. ధర్మారావు చేత తర్వాత వాయింపించి కలిపేస్తే అతనికి తప్ప మాలో ఒక్కరికీ తెలిసేది కాదు. ఆమె తిన్నగా మావయ్య ముందుకొచ్చి నిలబడింది.

"గల్తీ నాదే మావయ్యా. మీరు చాలన్నారు, నేను చాలూ కరో అనుకున్నాను."

మావయ్య దగ్గుతూనే నవ్వాడు. "చాలూ అంటేనే కదమ్మా ఇన్నేళ్ళూ క్రేను తిప్పినాను. నాకు తెల్దేటి?"

ఉన్నది వినిపించమన్నాడు. వాద్యం చాటు లేని గొంతు అది. ప్రతి చరణం చివరా ఊపిరి ఈల వేస్తోంది, మధ్యలో అందక తడబడుతోంది. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆపమని చెప్పబోయాను. ధర్మారావు ఈ గొంతు వింటూ మళ్ళీ వాయించొచ్చని, ఆ రొప్పు కూడా ఎక్కడికక్కడ శుభ్రంగా తీసేయగలనని ప్రసూన మెల్లగా చెప్పింది. మావయ్య తన గొంతుని తనే, పరాయివాళ్ళ పాట విన్నట్టు, చివరిదాకా విన్నాడు.

"జముకు ఏయించమ్మా. ఊపిరి మాత్రం తుడిచీకు. దాంతోటే కదా పాడినాను."