ఎదురొచ్చిన పెద్దమ్మ

మా అమ్మ నుదుట బొట్టు లేదు, చేతికి గాజుల్లేవు, మెడలో తాళి లేదు, తలలో పువ్వు లేదు. కట్టేది తెల్లచీర. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళందరికీ అదే నియమం. మగవాళ్ళకు మాత్రం ఏ నియమమూ లేదు. వాళ్ళ చేతి గడియారాలు బంగారు రంగులో ధగధగలాడుతూనే ఉండేవి, దాన్నెవరూ లోకాశ అనలేదు. మా నాన్న రోజూ పొద్దున్నే సైకిలెక్కి పెరంబూరు రైల్వే వర్క్‌షాపుకు పోయి, సాయంత్రానికి ఆకలితోనూ కోపంతోనూ నిక్షేపంగా తిరిగొస్తున్నా, మా వీధి లెక్కలో మా అమ్మ విధవే.

డెబ్బైల నాటి మాట. ఓనరు ఇంటి వెనకాల వరసగా ఉన్న వాటాల్లో ఒకటి మాది. ఓనరు వాళ్ళు తాతల నాడే మద్రాసు చేరిన తెలుగువాళ్ళు, పప్పుల హోల్‌సేలు వ్యాపారం. ఆయన కొట్టుకు బయల్దేరే వేళకే పెరట్లో కొళాయికి నీళ్ళొచ్చేవి. అమ్మ బకెట్టు పట్టుకుని ఎదురయ్యేది. అంతే, ఆయన పామును చూసినట్టు ఆగిపోయి, నాలుక చప్పరించి, లోపలికెళ్ళి కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. ఈలోగా అమ్మ రెండో బకెట్టుకు వచ్చేది. ఒక్కోరోజు మేం పట్టుకున్న నీళ్ళకన్నా ఆయన తాగిన నీళ్ళే ఎక్కువేమో.

ఆయన భార్యను మేం పెద్దమ్మా అనేవాళ్ళం. ఒకనాడు ఆమె మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏందిమే, ఆయన పొయ్యేదాకా లోపల ఉండలేవా? యాపారం చేసే మనిషి."

"నీళ్ళొచ్చేదే ఆ టైముకు కదక్కా. నీళ్ళు లేకుండా ఎట్టా వండేది?" అంది అమ్మ. మర్నాడు మామూలుగానే బకెట్టుతో బయటికెళ్ళింది.

శకునాలు సైతాను పని అని మా సంఘపెద్ద ప్రతి నెలా బల్ల గుద్ది చెప్పేవాడు. ఆ మహానుభావుడు కూతురి పెళ్ళి శుక్రవారం పెట్టుకున్నాడు. పదిన్నరకు రాహుకాలం. పాస్టరుగారి ప్రార్థన సాగుతున్న కొద్దీ ఈయనకు చెమటలు. రాహుకాలం అన్న మాట ఆయన నోట రాలేదు, పాపం. "ఎండ ముదురుతోందయ్యా, త్వరగా కానివ్వండి" అన్నాడంతే. అది జనవరి నెల.

ఇంతలో ఒకరోజు ఓనరాయనకు శకునం దివ్యంగా కుదిరింది. అమ్మ జ్వరంతో పడుకుంది. ఆయన కోడలు నిండు ముత్తైదువ, నిండు బిందెతో ఎదురొచ్చింది. ఆయన సంబరంగా వెళ్ళాడు. మధ్యాహ్నానికి కొట్లోనే గుండె ఆగిపోయింది. ఆ శకునాన్ని మాత్రం ఎవరూ తప్పుబట్టలేదు.

పదో రోజున పెద్దమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు. అంతకాలం ఆమె అరుగు మీద కూర్చుని ఆకూవక్కా నమిలిన ఆడవాళ్ళు ఆ గడప తొక్కడం మానేశారు. సిగ్గులేని జనం. కొడుకు చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆమె వెనక గదిలో తలుపేసుకుని కూర్చునేది. పెరట్లోకి కూడా మగవాళ్ళందరూ పోయాకే వచ్చేది. అలా ఉండమని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు కదా, ఆ పాఠం మాకు చెప్పిందే ఆమె. నెలలు గడిచాయి. మనిషి సగమైపోయింది.

అప్పుడే ఊరి శివారు మనలిలో ఒక కంపెనీ నుంచి నాకు టైపిస్టు ఇంటర్వ్యూ వచ్చింది. నాన్న రిటైరయ్యే ఏడాది. ఆ ఉద్యోగం మాకు ఎంత అవసరమో వీధి కుక్కకు కూడా తెలుసు. ముందురోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని పెద్దమ్మ గది తలుపు తట్టింది.

"రేపు పాప ఇంటర్వ్యూకి పోతుండాది. నువ్వు ఎదురు రావాల అక్కా."

పెద్దమ్మ ముఖం నల్లబడిపోయింది. "ఏందిమే, నేను చేసిందానికి ఇప్పుడు తీర్చుకుంటుండావా? ఎగతాళి చేస్తుండావా నన్ను?"

"ఎగతాళి చేసేదాన్నయితే నీ కొడుకు పొయ్యేటప్పుడు పిలిచుంటా. నా బిడ్డ పొయ్యేటప్పుడు పిలుస్తుండా."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చాక నాన్న గోల. ఆయనకు బాప్తిస్మమైతే ఇచ్చారు గానీ, ఆయన భయాలు మాత్రం తడవకుండా ఒడ్డునే నిలబడ్డాయి. "ఈ ఒక్క రోజుకీ వద్దే. పిల్ల బతుకు" అంటూ అమ్మ చుట్టూ తిరిగాడు.

"ఆమెది బతుకు కాదా?" అంది అమ్మ.

మర్నాడు పెద్దమ్మ వచ్చింది. గుంజ పట్టుకుని కాసేపు నిలబడి, వెనకనుంచి కోడలు "అత్తా, అత్తా" అంటున్నా వినకుండా, నాకు ఎదురుగా నడిచింది. వీధిలో ఆడవాళ్ళు పని మానేసి చూశారు. నేను "పొయ్యొస్తా పెద్దమ్మా" అని బస్సుకు వెళ్ళాను.

ఉద్యోగం రాలేదు.

ఇక చూడాలి వీధి సంబరం. చెప్పాంగా, చెప్పాంగా అని ఒకటే రాగం. ఆదివారం సంఘపెద్ద కూడా అదే పాట అందుకున్నాడు. "నువ్వు శకునంతో ఆటలాడావు, దేవుడు దీవించలేదు" అన్నాడు అమ్మతో. ఏ విషయంలోనూ కలవని మా వీధీ మా సంఘమూ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయి.

"నేను శకునం కోసం పిలవలేదయ్యా. ఆమె బయటికి రావాలని పిలిచినాను" అంది అమ్మ. ఆయనకు అర్థం కాలేదు. ఆయనకు అర్థమైతే కదా విడ్డూరం.

పెద్దమ్మ మాత్రం మళ్ళీ తలుపేసుకుంది. ఈసారి లోపల గడియ కూడా పెట్టుకుంది. అమ్మ గిన్నెలో కూర తెచ్చి పిలిచినా "నా మొహం చూడొద్దుమే, నీ బిడ్డ నోటికాడ కూడు పోగొట్టినాను" అని లోపలినుంచే ఏడ్చేది. నాకు ఉద్యోగం రానందుకు కాదు, ఆ గడియ చప్పుడు విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకు మాధవరంలో ఇంకో ఇంటర్వ్యూ వచ్చింది. నేను చీర కట్టుకుంటుంటే అమ్మ చేతులు తుడుచుకుని నేరుగా వెళ్ళి ఆ తలుపు కొట్టింది.

"రా అక్కా. టైమైంది."

"ఇదీ పోతేనోమే?"

"ఇంకోదానికి పోతుంది. అప్పుడూ నువ్వే రావాల. నీకు తప్పదు."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. కొట్టుకు బయల్దేరుతున్న కొడుకు వాకిట్లోనే ఉన్నాడు. తల్లిని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె అతని పక్కనుంచే నడిచి నా ఎదురుగా వచ్చి, నా కొంగు సర్ది, "తప్పుల్లేకుండా కొట్టు పాపా" అంది. ఆ రోజు నుంచి పెద్దమ్మ తలుపు మూయలేదు. పొద్దున నీళ్ళ వేళకు అమ్మ పక్కనే తన బకెట్టు పెట్టుకుని నిలబడేది.

ఇప్పటి మా సంఘంలో సాక్ష్యాల ఆదివారం ఒకటుంది. దేవుడు రేషను కొట్టు నడుపుతున్నట్టు, నాకు కారిచ్చాడు, నాకు ఇల్లిచ్చాడు అని ఒకరి తర్వాత ఒకరు మైకులో అరుస్తారు. పోయినసారి నన్ను బలవంతం చేస్తే లేచి ఇదంతా చెప్పాను. ముందు వరసలోని పెద్దమనిషి "అయితే ఆ రెండోదైనా వచ్చిందామ్మా?" అన్నాడు.

"పెద్దమ్మ బయటికొచ్చిందని చెప్పాను కదయ్యా" అన్నాను.

"అది కాదమ్మా. ఉద్యోగం?"

మైకు అక్కడే పెట్టేసి వచ్చి కూర్చున్నాను.