ఆగిపోయిన సీరియల్‌కు మస్తాన్ వలీ చెప్పిన ముగింపు

2022 ఫిబ్రవరి. గుంటూరు రోడ్ల మీద మిరప ఘాటు తిరిగే రోజులు. నా స్పీచ్ థెరపీ క్లినిక్ మిర్చి యార్డుకు దగ్గర్లోనే ఉంటుంది. ఆ నెలల్లో పేషెంట్లు దగ్గుకుంటూనే లోపలికి వస్తారు. అలా వచ్చినవాళ్లలో మస్తాన్ వలీ గారు ఒకరు. వెంట ఆయన భార్య మీరాబీ.

వినుకొండ దగ్గర ఒక పల్లెలో ఆయనకు పవర్ స్ప్రేయర్లు, అంటే పత్తికీ మిరపకూ మందు కొట్టే మిషన్లు, బాగుచేసే షాపు ఉంది. సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత తేరుకుంది గానీ మాట పోయింది. ఈ స్థితిని మేము అఫేసియా అంటాం. మెదడులో మాటలు కూర్చే చోటు దెబ్బతింటుంది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, అది మాటై నోటిదాకా రాదు. కొందరికి ఒక్క మాటే మిగిలిపోతుంది. ఈయనకు మిగిలింది "పదండి". మంచినీళ్లు కావాలన్నా "పదండి", భుజం నొప్పన్నా "పదండి".

మామూలుగా చేయించేవన్నీ చేయించాను. బొమ్మలు చూపించి పేర్లు అడిగాను. వారాల పేర్లు నాతోపాటు చెప్పమన్నాను. ఆవు బొమ్మ చూపించిన రోజు ఆయన నా వంక ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. యాభై ఏళ్లు దాటిన మనిషి, నలుగురిలో బతికినవాడు. ఆ చూపు అర్థం కాకపోలేదు. వారాలు గడిచినా "పదండి" పక్కన ఇంకో మాట చేరలేదు. ఇంక రానని ఇంట్లో తల అడ్డంగా ఊపుతున్నారని మీరాబీ చెప్పింది.

"ఈయన మాట్లాడక ఉండే మనిషి కాదు మేడం. మా షాపుకి జనం మిషను బాగుచేయించుకునే వంకతో కథ వినడానికి వచ్చేవాళ్లు" అంది.

"ఏం కథండీ?"

"మా పెళ్లయిన కొత్తల్లో ఆదివారం పొద్దున టీవీలో ఒక సీరియలు వచ్చేది. భూమ్మీద నీళ్లన్నీ ఎండిపోతే కొంతమంది ఓడెక్కి ఆకాశంలోకి పోతారు. వసుధ అని ఆడమనిషి దానికి కెప్టెను. పోయి పోయి నీళ్లున్న గ్రహం దగ్గరికి చేరతారు. దిగబోతుంటే కిందనించి ఒక గొంతు, వసుధని పేరు పెట్టి పిలుస్తది. అంతే! మరుసటి ఆదివారం టీవీ పెడితే వంటల ప్రోగ్రాం. ఎందుకు ఆపారో ఒక్కరు చెప్పలా."

ఒంగోల్లో చిన్నప్పుడు నేనూ చూశాను ఆ సీరియల్. ఆ వంటల ప్రోగ్రాం చూసి ఏడ్చాను కూడా.

షాపులో టీవీ ముందు కూర్చున్న రైతులు ఉసూరుమంటే, "మిగతాది నేను చెప్తాలే" అన్నారట మస్తాన్ వలీ గారు. స్ప్రేయర్ విప్పుతూ, బిగిస్తూ, ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చారట. గొంతు ఎవరిదని అడిగితే మాత్రం "అది చివర్న" అని నవ్వేవారట. నేను పోగొట్టుకున్న ఓడ వినుకొండ పక్కన ఒక రిపేరు షాపులో ఇన్నేళ్లూ ఎగురుతూనే ఉందన్నమాట!

"ఆయన ముందు ఆ కథ మీరు చెప్పండి" అన్నాను.

మీరాబీ మొదలుపెట్టింది. ఆ రోజూ గోడవైపే తిరిగి కూర్చున్న ఆయన మెల్లగా ఇటు తిరిగారు. ఆమె హుషారుగా చెప్పుకుపోతోంది. "అప్పుడు ఓడ ఇంజను పేలిపోయింది. పాపం, వసుధ చచ్చిపోయింది."

"కాదు!"

గది మొత్తం వినపడేలా అన్నారు. ఎడమచేత్తో బల్ల మీద కొట్టారు. పెదాలు వణికాయి. "కాదు... వసు... వసుధ... బతి... బతికింది."

మీరాబీ కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "కావాలనే తప్పు చెప్పా మేడం. కథ తప్పు చెప్తే ఊరుకునే మనిషి కాడు."

ఆ రోజు నుంచి మా పాఠం ఆ కథే. మాట దగ్గర ఆగిపోతే మొదటి అక్షరం అందించేదాన్ని. దీన్ని మేము క్యూ అంటాం. ఓడ, నీళ్లు, ఇంజను, చీకటి, భయం... ఒక్కొక్క మాటా బావిలోంచి చేదుకున్నట్టు వచ్చేది. మాట దొరకనప్పుడు ఎడమచేత్తో గాలిలో ఓడ మలుపు తిప్పి చూపించేవారు. నాకు తెలియని గ్రహాలు, తుఫానులు, ఓడలోనే పుట్టి పెరిగిన పిల్లలు! విస్తుపోయి వింటూ ఒక్కోసారి క్యూ ఇవ్వడం మర్చిపోయేదాన్ని.

ఎండలు ముదిరాక యార్డుకు మిరప టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తెచ్చిన వాళ్ల ఊరి రైతులు ముగ్గురు క్లినిక్‌కి వచ్చారు. పెద్దాయన కోటయ్య గుమ్మంలోంచే అరిచాడు.

"ఏరా మస్తానూ! ఓడ ఎందాకా వచ్చిందిరా?"

మస్తాన్ వలీ గారు పెద్దగా నవ్వారు. "దగ్గరికి... వచ్చింది."

"ఆ గొంతు ఎవరిదో ఇప్పుడన్నా చెప్పరా. నీకేదన్నా అయితే మేమేం కావాలి?"

మీరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చాలాసేపు కళ్లు మూసుకున్నారు. నేను సాయం చేయబోతే చెయ్యెత్తి ఆపారు.

"మనోళ్లదే" అన్నారు. "పుట్టలా... ఇంకా. వసుధ... మనవలు. వాళ్ల... మనవలు. ఓడ దిగితే... పుడతారు. అందుకే... పిలుస్తన్నారు."

ఇంకా పుట్టని పిల్లలు, తమను పుట్టనివ్వమని ముత్తవ్వను పేరు పెట్టి పిలుస్తున్నారు! కోటయ్య భుజమ్మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఓర్నీ, ఇన్నేళ్లు ఎట్టా దాచుకున్నావురా" అన్నాడు.

మస్తాన్ వలీ గారి మాట ఇప్పటికీ పూర్తిగా రాలేదు. బహుశా రాదు. షాపు తెరిచారు, పొట్టి పొట్టి వాక్యాల్లో కబుర్లు చెబుతారు, వినేవాళ్లు తొందరపెట్టరు.

మాట బయటికి రావడానికి నాలుక, మెదడు ఎంత అవసరమో, దానికోసం కాచుకుని కూర్చున్న మనుషులూ అంతే అవసరమని నాకు ఆయన దగ్గరే తెలిసింది. కొత్త పేషెంట్ ఎవరొచ్చినా ఇప్పుడు ఇంట్లోవాళ్లను ముందు ఒకటే అడుగుతాను: "ఈ మనిషి నోట ఏం వినాలని మీరంతా ఎదురుచూసేవాళ్లు?"