ఆపేసిన ఉంగరంలో గోనెగుడ్డ

ప్రయోగశాలలో ఆమెను అందరూ పిన్నిగారనే పిలిచేవారు. దుస్తుల కర్మాగారంలో బట్ట నాణ్యత చూడటంలో తల నెరిసిన మనిషి అని ఏరికోరి తెచ్చుకున్నారు. పని చూడటానికి తేలికే. చూపుడువేలికి సన్నగా అదిరే ఉంగరం తొడిగి, నున్నని అద్దం మీద వేలు జరపాలి. అదురును బట్టి ఆ అద్దమే ఒకసారి మఖమలుగా, మరోసారి గోనెగా తోచాలి. ఏ గుడ్డో ఆమె చెప్పాలి. ఉంగరంలోని మోటారు రొద వినపడకుండా చెవులకు హోరు నింపే హెడ్‌ఫోన్లు పెట్టేవారు. మధ్యమధ్య వేలికి విశ్రాంతి ఇవ్వాలన్నది నియమం. త్వరగా ఇల్లు చేరాలని ఆమె పాటించలేదు. పాటిస్తోందా అని ఎవరూ చూడలేదు.

ఒకనాడు ఇంట్లో అక్క కేకేసింది.

"ఏమే, తడిబట్టలు మడతపెట్టి బీరువాలో తోశావు. చేతులు అద్దెకిచ్చొచ్చావా?"

"ఆరాయనుకున్నానక్కా."

వేలు మొద్దుబారిందని ఆమెకప్పుడు అర్థమైంది. సంగతి బయటపడితే కుర్చీ పోతుంది. పాత కర్మాగారమూ రానివ్వదు. వచ్చిన విద్య అదొక్కటే. మర్నాటి నుంచి ఒక చెవి మీది హెడ్‌ఫోను కాస్త పక్కకు జరిపి, మోటారు రొదను బట్టి జవాబులు చెప్పసాగింది.

"ఈ వారం ఒక్కటీ తప్పలేదు పిన్నిగారూ!" అంది పరీక్షలు నడిపే ఇంజినీరు అమ్మాయి. అన్నదే గాని ఆ అమ్మాయి ముఖంలో సంతోషం లేదు. అంత నిక్కచ్చిగా ఇదివరకెవరూ చెప్పలేదు మరి.

తరువాతి విడతలో అమ్మాయి బల్ల కింద మరో ఉంగరాన్ని గోనె అదురుతో మోగించింది.

"గోనె," అంది పిన్నిగారు.

"మీ ఉంగరం ఆపేసి ఉందండీ."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎన్నాళ్లనుంచి తెలియట్లేదు?"

"ఇంట్లో తడిబట్టలు పొడివనుకుని మడతపెట్టినప్పటి నుంచమ్మా."

ఆ వారం ఫలితాలన్నీ కొట్టేశారు. వేలికి విశ్రాంతి ఇస్తోందో లేదో చూడలేదని, తప్పులో తనకూ వాటా ఉందని అమ్మాయి పైవాళ్లకు చెప్పింది. వేలు కోలుకుంటే పిలుస్తామన్నారు. కోలుకుంటుందని మాత్రం ఎవరూ అనలేదు.

పిన్నిగారు బస్సులో నిలబడే ఇల్లు చేరింది. అంతా విని అక్క తిట్టలేదు. దండెం మీది తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టింది.

"తడా, పొడా?"

ఆమె దాన్ని చెంపకు ఆనించబోయింది.

"చెంపతో కాదే. వేలితో చెప్పు."

చాలాసేపు తడిమింది.

"తెలియట్లేదక్కా," అంది.

అక్క ఇంకా తడిగానే ఉన్న తువ్వాలు తీసుకుని మళ్లీ దండెం మీద వేసింది.