దొరగారి రేసు కారు

అరవై ఎనిమిదిలో నాకు పదహారేళ్లు. కార్ల పిచ్చి ఉన్న మా అన్నయ్య, నౌపడలో ఒక దొరగారు అమ్మకానికి పెట్టిన పాత విదేశీ రేసు కారు కొనడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. ఉప్పు మడుల పక్క షెడ్డులో ఏళ్ల తరబడి ఉన్న ఎర్రటి కారు అది. అన్నయ్య హారన్ కొట్టాడు, ఇంజను శబ్దం విన్నాడు, టైర్లు తట్టి చూశాడు.

"కింద కూడా సూడన్నియ్యా. ఉప్పుగాలికి ఈళ్ల గేటే తుప్పట్టిపోనాది" అన్నాను.

"ఊరుకో. దొరగారి ముందర ఆయన బండి కింద దూరితే నమ్మనట్టుండదేటి?" అన్నాడు మెల్లగా.

డబ్బు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మా ఊరు పాతపట్నం బయల్దేరాం. టెక్కలి దాటాక అన్నయ్య వేగం పెంచాడు. ఉన్నట్టుండి నా కాళ్ల కింద, కొత్త తివాచీ కప్పిన రేకు విరిగిపోయి కుడికాలు రోడ్డు మీదికి జారిపోయింది. కారు ఆగేసరికి పాదంలో సగం లేదు.

మర్నాడు దొరగారు ఆసుపత్రికి వచ్చారు. అన్నయ్య లేచి ఆయనకు కుర్చీ వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు దొరగారు.

"బాగానే ఉన్నాదండి" అన్నాను.

పాదం పోయినందుకు ఏడవడం ఎప్పుడో మానేశాను. ఆ జవాబుకి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.