గంగన్న మజ్రా గొంతు

గంగన్నకు మెల్లగా మాట్లాడడం రాదు. ఖతార్‌లో, అల్ తుమామా పేటలో మా విల్లాల వరుసకు అతను తోటమాలి. "నమస్తే అమ్మా" అన్నాడంటే మా గోడ మీది పావురాలు ఎగిరిపోయి ఎక్కడో దూరాన అల్ రయ్యాన్‌లో వాలతాయి.

"మైకు గానీ మింగావా గంగన్నా?" అన్నాను ఒకసారి.

"మజ్రా గొంతమ్మా ఇది!"

మజ్రా అంటే ఎడారిలో పశువులకు గడ్డి పండించే పెద్ద పొలం. అది కొత్తగా మొదలైన రోజుల్లో గంగన్న, అతని జోడీ రాజనర్సు అక్కడ పనిచేశారు. కనుచూపు మేర గుండ్రటి పచ్చగడ్డి మడులేనట. ఒక్కో మడిలో చక్రాల మీద పొడవాటి ఇనుప గొట్టం గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లేదట.

"ఈ కొసకు నేను, ఆ కొసకు రాజనర్సు. మనిషి చీమంత కనవడుతుండె. ఒర్రకపోతే ఎట్ల ఇనవడ్తది? పొద్దుగాల సల్లగ పట్టుకపోయిన మజ్జిగ ఆ కొసకు పొయ్యేసరికి చాయ్ లెక్క కాగుతుండె!"

ఇక్కడా అతనితోనే పనిచేసే రాజనర్సు పక్కన నిలబడి నవ్వి ఊరుకునేవాడు.

నాకు ఆ గొంతు వరమే. నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా కిటికీ దగ్గరే సాగింది. గంగన్న మాట్లాడితే కిటికీ తెరిచే శ్రమ కూడా ఉండదు.

ఆ వరమే ఓ రోజు నా పరువు తీసింది. ఎదురింటి విజయరాణి ఇంట్లో ఏదో గొడవ. కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నట్టు నటిస్తూ గుసగుసగా అడిగాను. "గంగన్నా, వాళ్ళింట్లో ఏమిటి సంగతి?"

"విజయరాణమ్మ ఇంట్ల లొల్లి సంగతా శకుంతలమ్మా? నాకెర్క లేదు! అడిగి సెప్పాల్నా?"

కిటికీలన్నీ తెరుచుకున్నాయి, అన్నిటికంటే ముందు విజయరాణిది. కుండీ వెనక దాక్కుందామంటే నా ఒళ్ళు దాచే కుండీ ఖతార్‌లోనే లేదు.

మర్నాడు అతనితో ఒట్టు వేయించాను. "ఇకనుంచి గుసగుసే. అరిచావంటే రోజూ ఇచ్చే నా మజ్జిగ బంద్!" గంగన్న రాజనర్సు వైపు దిగులుగా చూసి, తలూపాడు.

ఆ పూటే కొత్త సూపర్‌వైజర్ మక్బూల్ వచ్చాడు. తెలుగు అర్థమవుతుంది గానీ అతను మాట్లాడేది హిందీయే. రాజనర్సు అటు తిరిగి మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు.

"పానీ బంద్ కరో," నీళ్ళు కట్టెయ్యమన్నాడు మక్బూల్.

రాజనర్సు కదలలేదు. మక్బూల్ మళ్ళీ చెప్పాడు. ఊహూఁ.

"ఇసే సునాయీ నహీ దేతా క్యా?" వీడికి వినపడదా ఏమిటని మక్బూల్ కనుబొమలు ముడిపడ్డాయి.

గంగన్న నా కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అతని గుసగుస వినడం అదే మొదటిసారి.

"ఒట్టు ఎనుకకు తీస్కో అమ్మా! మజ్రాల నీళ్ళ ఇంజను పక్కన పనిజేసీ జేసీ రాజనర్సు చెవులు సగం పోయినయ్, ఒర్రితెనే ఇనవడ్తది. నేను అందరి మీద ఒర్రుతె, వాని మీద ఒర్రుడు ఎవలకూ కనవడది. ఎర్కైతే వాన్ని ఇంటికి తోలుతరు."

పక్కింటి పప్పులో ఉప్పు తక్కువైనా పసిగట్టే నాకు, రోజూ కళ్ళెదుట తిరిగే మనిషికి వినపడదని తెలియలేదు!

కిటికీ బార్లా తెరిచి నేనే అరిచాను. "రాజనర్సూ! నీళ్ళు కట్టెయ్ నాయనా!"

అతను కట్టేశాడు. మక్బూల్ మాత్రం ఎగిరిపడ్డాడు. "క్యా హువా అమ్మా?"

"మేరా కాన్ ఖరాబ్ బాబూ! నాకు చెవుడు! నాతో అరిచీ అరిచీ ఇక్కడ అందరికీ అరుపే అలవాటు. మెల్లగా చెబితే ఎవరూ పట్టించుకోరు!"

"అచ్ఛా అమ్మా!" అని మక్బూల్ కూడా అరిచాడు. అప్పటినుంచి మా వరుసలో అతను ఏ పని చెప్పినా అరిచే చెబుతాడు. రాజనర్సు చక్కగా చేస్తున్నాడు.

నేను చెవిటిదాన్నని వీధంతా నమ్మేసింది. ఇప్పుడు విజయరాణి నా పక్కనే కూర్చుని ఫోనులో ఇంటి గుట్టంతా విప్పుతోంది. నిన్న మంచి ఘట్టంలో ఫోను కట్టయింది. "తర్వాత?" అనబోయి, గబుక్కున నోట్లో పకోడీ కుక్కుకున్నాను.