బావ కట్టిన ఎగ్జిట్ పాటలు

మొన్న శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి దోహాలోని ముషైరిబ్ మెట్రో స్టేషన్‌లో రైలు మారాను. లుసైల్ వైపు వెళ్ళే పెట్టెలో నా ఎదుటి సీటులో ఒక ఫిలిప్పీన్ యువకుడు గిటారు సంచిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, రైలు కుదిపినప్పుడల్లా దాని మెడ మీద చెయ్యి వేస్తున్నాడు. నేను దిగవలసిన స్టేషన్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తెలిసే కూర్చుండిపోయాను.

మా బావ గిటారుకు సంచి ఉండేది కాదు. దుప్పటిలో చుట్టి, సైటులో దొరికిన నైలాన్ తాడుతో కట్టి, భుజాన వేసుకుని తిరిగేవాడు. ప్రపంచ కప్పు కోసం ఈ ఊరంతా తవ్వి పోసి ఉన్న ఏళ్ళవి. నా ఈడువాళ్ళలో అప్పుడు ఇక్కడ ఉన్నవారికి ఆ దుమ్ము సంగతి నేను చెప్పనక్కరలేదు. నేను ఒక కంపెనీ స్టోరులో సామాను ఇచ్చి పుచ్చుకునే పనిలో ఉండేవాణ్ణి. బావ, అంటే మా చిన్నక్క భర్త, అదే కంపెనీలో రాతి పలకలు కోసేవాడు. మా అక్క జగిత్యాల దగ్గర పల్లెలో ఉండేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇప్పటికీ ఇది దుబాయే.

గిటారు బావ కొన్నది కాదు. ఆయన గదిలో పై మంచం మీద పడుకునే ఫిలిప్పీన్ కార్మికుడొకడు దేశం వెళ్ళిపోతూ, విమానంలో బరువెక్కువవుతుందని వదిలేసి వెళ్ళాడు. వెళ్ళేముందు తీగల మీద వేళ్ళు ఎక్కడ ఉంచాలో మూడు చోట్లు చూపించాడు. బావ నాలుగో చోటు ఎన్నడూ వెతకలేదు. ఆయనకు కావలసిన రాగం అప్పటికే లోపల ఉంది, తీగలు దానికి తోడుగా నడిస్తే చాలు. ఒక మాట అనేవాడు, అదే మాట మళ్ళీ అనేవాడు, మూడోసారికి దానికి జవాబు చెప్పేవాడు. నాకు బాగా గుర్తున్న పాట ఒకటి ఇలా మొదలయ్యేది:

లుసైల్ల మేడ కట్టిన, నీడ నాకు రాలె
లుసైల్ల మేడ కట్టిన, నీడ నాకు రాలె
ఎండ మాత్రం ఓ అవ్వా, నన్ను ఇడిసి పోలె

మేముండే కార్మికుల క్యాంపు గేటు దగ్గర కాపలా ఉండే కెన్యా మనిషి ఒకరోజు ఇది విని లోపలికి వచ్చాడు. దీన్ని బ్లూస్ అంటారనీ, అమెరికాలో పత్తి చేలల్లో పని చేసిన నల్లవాళ్ళు ఇలాగే ఒక మాట రెండుసార్లు అని మూడోసారి జవాబు చెప్పేవారనీ చెప్పి, ఇతను ఎవరి దగ్గర నేర్చుకున్నాడని నన్ను అడిగాడు. నేను అదంతా తెలుగులో చెబితే బావ నవ్వాడు.

"బ్లూసో గీసో నాకెర్కలేదు బామ్మర్దీ. మా పెద్దవ్వ సావుల కాడ శోకాలు పెడితె గిట్లనే ఉంటుండె. ఒక్కసారి అంటె పక్కన కూసున్నోనికి ఇనవడతది. రెండోసారి అంటె పోయినోనికి ఇనవడతది."

తర్వాత నేను ఆ సంగీతం గురించి దొరికినవన్నీ చదివాను. అక్కడి పత్తి చేనుకూ, మా వైపు చావు ఇంటి వాకిలికీ మధ్య ఎన్ని సముద్రాలున్నాయో చూడండి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. దుఃఖానికి ఒకే నడక ఉంటుందేమో అనుకుని ఊరుకోవడం తప్ప నేను దాన్ని ఇప్పటికీ అర్థం చేసుకోలేకపోయాను.

శుక్రవారం మాకు సెలవు. మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుని, కడుపునిండా తిని పడుకునే రోజున బావ బయలుదేరేవాడు. పొద్దున ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక క్యాంపు, నమాజు వేళ దాటాక అల్ వక్రాలో ఒకటి, పొద్దు వాలకముందే అల్ ఖోర్ దారిలో ఇంకొకటి. నీళ్ళ ట్యాంకరు, లాండ్రీ వ్యాను, కూరగాయల బండి, ఏది దొరికితే దాని క్యాబిన్‌లో ఎక్కేవాడు. వారమంతా రాయి కోసిన మనిషి, ఒక్క రోజు విశ్రాంతిని ఏళ్ళ తరబడి అలా రోడ్ల మీద ఖర్చు చేశాడు. తోడుగా వెళ్ళిన నేను సాయంత్రానికి కూలబడేవాణ్ణి. ఆయన మూడో క్యాంపులో మొదటి క్యాంపులోకంటే బాగా పాడేవాడు.

ఏ క్యాంపుకు వెళ్ళినా ముందు వంటగదిలో కూర్చునేవాడు. అక్కడి మాటలు వినేవాడు. ఎవరికి సెలవు దొరకలేదో, ఎవరి కాలు బెణికిందో, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో ఆ మధ్యాహ్నం పాటలోకి వచ్చేసేది. అల్ ఖోర్ క్యాంపులో వంటవాడు హైదరాబాద్ మనిషి. బావను ఉస్తాద్ అని పిలుస్తూనే ఏడిపించేవాడు. "నీకన్న నా ఉల్లిగడ్డలు నయం ఉస్తాద్, కోస్తెనే ఏడిపిస్తయి. నువ్వు దూరంకెల్లి ఏడిపిస్తవ్. యల్లా, ముందు ఖానా తిను."

ఆయన పాట రికార్డు చెయ్యనిచ్చేవాడు కాదు. పాట మొదలుపెట్టే ముందు అందరినీ ఇంటికి ఫోన్ కలపమనేవాడు. దాచుకుంటే తర్వాత వింటామంటారు, ఇంటివాళ్ళు ఇప్పుడే వినాలి అన్నది ఆయన పట్టుదల. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని నిలబడితే, వాటి అవతల నిజామాబాద్ నుంచి సిరిసిల్ల దాకా ఎన్నో వాకిళ్ళలో ఆడవాళ్ళు పనులు ఆపి వినేవారు. సిగ్నల్ తెగితే మొదటి మాట పోయినా రెండోసారి అన్నది అందేది.

వీటన్నిటిలోనూ నన్ను నిలబెట్టేసినవి ఎగ్జిట్ పాటలు. ఇక్కడి కొలువు ముగించి పూర్తిగా వెళ్ళిపోయే మనిషిని ఫైనల్ ఎగ్జిట్ మీద పోతున్నాడంటాం. అలా వెళ్ళేవాడికి బావ ఒక పాట కట్టి సాగనంపేవాడు. అతను ఏ గోడ కట్టాడో, ఏ వంతెనకు ఇనుము వంచాడో, ఏ ఆసుపత్రి నేల పరిచాడో అందులో వరసగా వచ్చేవి. కట్టడాల మీద వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు కదా. ఇంటి దగ్గర పిల్లలు ఫోన్‌లో ఆ పాట విని, మా నాయన ఇన్ని కట్టిండా అనుకునేవారు.

ప్రపంచ కప్పు ఇంకో ఏడాది ఉందనగా బావ గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. తగ్గకపోతే డాక్టరుకు చూపించాం. స్వరపేటిక మీద గడ్డ ఉంది, ఆపరేషన్ చేసేదాకా గట్టిగా మాట్లాడటం కూడా కూడదు, ఈలోగా పాడితే మామూలు మాట కూడా తిరిగి రాకపోవచ్చు అన్నాడు. బావ తల ఊపాడు. అయితే అల్ ఖోర్ క్యాంపులో మేమందరం కాకా అని పిలిచే ముసలి మేస్త్రి వచ్చే శుక్రవారం ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్నాడు. అతనికి పాట కడతానని బావ ఎప్పుడో మాట ఇచ్చి ఉన్నాడు.

ఈ సంగతి తెలిసి అక్క నాకు ఫోన్ చేసింది. "పాడనియ్యకు తమ్మీ. గిన్నేండ్ల సంది నాకు మొగడంటే ఫోన్ల గొంతే. గదన్న మిగలనియ్యి."

నేనేం చెప్పినా బావ వినలేదు. గిటారుకు దుప్పటి చుట్టి తాడు కట్టాడు. వెంట వెళ్ళడం ఒక్కటే నా చేతిలో ఉంది.

వంటగది గోడ నీడలో అందరూ చేరారు. కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని, సామాను పక్కన పెట్టుకుని, పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు. కాకా భార్యకు ఫోన్ కలిపారు. నేను అక్కకు కలిపి తెర బావ వైపు తిప్పాను. తెరలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ తీగలు సవరించుకుని, మూడు చోట్లూ ఒకసారి తిరిగి వచ్చి, ఊపిరి తీసుకుని నోరు తెరిచాడు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. ఆపుదామని నేను లేచి నిలబడ్డాను.

అప్పుడు వెనక నుంచి, గరిటె చేతిలో పట్టుకుని, ఆ వంటవాడు అందుకున్నాడు. రాగం లేదు, శ్రుతి లేదు.

గోడ నిలవెట్టినోడు పోతుండు రా

 తర్వాత ముందు వరసలోవాళ్ళు అదే మాట మళ్ళీ అన్నారు. మూడోసారికి జవాబు ఎవరు చెబుతారో తెలియని ఖాళీలో బావ తీగలు మాత్రం నడుస్తూ ఉన్నాయి. ఇనుము వంచే పనిలో ఉన్న ఒకడు, ఎన్నడూ నోరెత్తి మాట్లాడనివాడు, తల వంచుకునే చెప్పాడు.

గోడకు చెప్పకుండ్రి, నిలవడదు రా

ఆ తర్వాత ఆగలేదు. ఒకడు కాకా కట్టిన బడి గోడ అన్నాడు, ఇంకొకడు స్టేడియం మెట్లు అన్నాడు, డ్రైవరు ఒకడు కాకా గురక సైతం పాటలోకి తెచ్చి అందరినీ నవ్వించాడు. ఎవరో ఒకరు అనడం, అందరూ మళ్ళీ అనడం, ఎక్కడో ఒక మూల నుంచి జవాబు రావడం. బావ ఎవరికీ ఇది నేర్పలేదు. ఆయన నోరు ఎప్పుడు మూసుకుందో నేను గమనించలేదు. తన పాట బయట ఎలా ఉంటుందో ఆయన మొదటిసారి వింటున్నాడు. చేతులు మాత్రం తప్పలేదు. కాకా ఏడుస్తూనే "ఇగ సాలుండ్రి బిడ్డా, ఫ్లైటు పోతది" అన్నదాకా వాళ్ళు పాడారు. నేను చదివిన పుస్తకాలలో దేనిలోనూ అంతటిది చూడలేదు.

తిరిగి వస్తూ లాండ్రీ వ్యానులో బావ నా మణికట్టు పట్టుకున్నాడు, దోహా వచ్చేదాకా వదలలేదు.

ఆపరేషన్ అయింది. మాట తిరిగి వచ్చింది, కాస్త గాలి కలిసిన సన్నని మాట. పాట రాలేదు. అక్క అదే చాలనుకుంది. బావ కూడా అదే చాలనుకున్నట్టు ఉండేవాడు. శుక్రవారాలు గిటారు వాయించడానికి మాత్రం వెళ్ళేవాడు. ఆయన లేని క్యాంపుల్లోనూ వాళ్ళంతట వాళ్ళే ఎగ్జిట్ పాటలు కట్టుకున్నారు, డ్యూటీ బస్సుల్లో సైటుకు పోతూ ముందుగా వరసలు చూసుకునేవారు. ఆటలు మొదలయ్యేలోపు పనులు అయిపోయి, ఆయన ఎగ్జిట్ కూడా వచ్చింది. బస్సు నిండా మనుషులు పాడుతుంటే ఆయన కిటికీ పక్కన కూర్చుని, తాను కోసిన రాళ్ళు ఎక్కడెక్కడ పరిచారో వాళ్ళ నోట విన్నాడు. పోయిన వానాకాలంలో, అక్క పక్కన ఉండగా, నిద్రలో పోయాడు. నా దగ్గర ఆయన గొంతు ఒక్క ముక్క లేదు.

రైలు లుసైల్‌లో ఆగింది. ఆ యువకుడు సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు. నేను అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళి తిరుగు రైలు ఎక్కాను. అప్పటివాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన పిల్లలు మంచివాళ్ళే, వెళ్ళేవాళ్ళకు ఫోన్‌లో పూల బొమ్మ పంపి, విమానం దిగాక మెసేజ్ పెట్టమంటారు. వచ్చే నెలలో నా ఎగ్జిట్. పూర్తిగా వెళ్ళిపోయే మనిషికి ఇప్పుడిక్కడ ఎవరూ పాట కట్టడం లేదు.